పుట్టుమచ్చల గడి

మంగళవారం మంగళవారం
ఇప్స్‌విచ్ వంశచరిత్రల లైబ్రరీలో
మైక్రోఫిల్ము రీళ్లు సర్దే పని నాది.
జీతం లేదు. పదకొండింటికి టీ, రెండు బిస్కెట్లు.
ఇక్కడ పెన్ను నిషిద్ధం, పెన్సిలే.
పోయినవాళ్ల గురించి
చెరపడానికి వీలుగానే రాసుకోవాలని కాబోలు.

ఆవేళ డోరీన్ అప్పల్సామి వచ్చింది.
పుట్టింది ఫిజీలో, లంబాసా చెరకుతోటల అంచున.
నలభై ఏళ్లు ఈ ఊరి ఆస్పత్రిలో నర్సు.
తెలుగు మూడు ముక్కలొచ్చు:
నీళ్లు, రా, ఇంకోటి బూతు.
"మా నాయనమ్మ తల్లి కావాలి" అంది,
కొట్లో చింతపండు అడిగినట్టు.

రీలు తిప్పాను.
వేలమంది బూడిదరంగు గీతలై జారిపోయి
ఒకచోట ఆగారు.
పంతొమ్మిదివందల పదకొండు, మద్రాసు రేవు,
ఓడెక్కబోయే ముందు నింపిన కాగితం.
గుమస్తా స్పెల్లింగు కూడబలుక్కుంటే
యెర్రా... కుమ్మా...
మూడోసారికి నా నోరు దానంతటదే పిలిచింది:
"ఎరుకమ్మా!"
పక్క బల్ల దగ్గర ఐరిష్ ఖైదీ మునిమనవడు
ఉలిక్కిపడి తలెత్తాడు.

వయసు పందొమ్మిది.
ఎత్తు నాలుగడుగుల పదిన్నర అంగుళాలు.
జిల్లా వైజాగపటం.
ఊరు చింపోలీ అట.
నాకు తెలిసిన నాలుగూళ్లు తొడిగి చూశాను,
ఏదీ దానికి పట్టలేదు.
తండ్రి పేరున్నచోట అడ్డగీత.
ఒంటిమీద గుర్తులు:
ఎడమ మోకాలిపై కాలిన మచ్చ,
కుడి చెవితమ్మె చిరిగింది.
డోరీన్ అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది.
"కుట్లు పడాల్సింది" అంది,
"ఎవరూ వెయ్యలేదు."

"ఇంటిపేరు?" అన్నాను నేను, అలవాటు చొప్పున.
మచ్చకు గడి ఉంది.
ఎత్తుకు అరంగుళం దాకా లెక్క ఉంది.
ఇంటిపేరుకి చోటే లేదు.
అదేమిటో డోరీన్‌కి చెప్పడానికి పావుగంట పట్టింది:
మనిషికి ముందు నడిచే పేరు,
ఆడదానికైతే పెళ్లినాడు మారిపోయే పేరు.
"మారితే ఇంక వెతకడమెలా?" అంది.
వెంటనే ఖాళీ చార్టొకటి నా వైపు జరిపింది,
"నీది రాయి, చూస్తాను."

నాన్న వైపు గుక్కతిప్పుకోకుండా రాసేశాను,
తద్దినాల్లో విని విని నోటికొచ్చిన పేర్లు.
అమ్మ వైపు...
అమ్మ హైమావతి.
అమ్మమ్మ పేరిందేవి.
ఆవిడ తల్లి
బుల్లి మామ్మ.
అదీ పేరు కాదు, పిలుపు.
ఎత్తు తెలీదు. మచ్చలు తెలీదు.
ఆవిడ ఓడెక్కలేదు,
వేలిముద్ర అడిగినవాడు లేడు.
ఒకింట్లోంచి ఇంకోఇంట్లోకి
ఎడ్లబండి మీద వెళ్లింది.
దానికి రిజిస్టరు పెట్టరు.

కూలికి పట్టుకుపోయినవాళ్లు
ఎరుకమ్మ మోకాలు దాకా చూసి రాశారు.
ఇది అదృష్టం అనబోయి
నాలుక కరుచుకున్నాను.

నలభై సెంట్లిచ్చి కాపీ తీసుకుని
డోరీన్ వెళ్లిపోయింది.
కారు పార్కింగు దాకా సాధన చేస్తూనే ఉంది,
"యెరుకమ... ఎరుకామ..."
కిటికీలోంచి నేను సరిదిద్దలేదు.

పన్నెండున్నరకి తాళాలేసే జెఫ్ వచ్చేదాకా
ఆ చార్టు ముందే కూచున్నాను.
బుల్లి అన్నారంటే
పొట్టిగా ఉండేదేమో.
గడి లేకపోయినా అంచున రాశాను:
ఎత్తు - పొట్టి, బహుశా.
పక్కన ప్రశ్నార్థకం.
పెన్సిలుతోనే.