కొలతల పుస్తకం

ఛాతీ ముప్పై ఆరు, నడుము ఇరవై తొమ్మిది.
యాభై మూడు అక్టోబరు, బ్రాడ్‌ఫర్డ్.
పెన్సిల్ రాత నాదే.
పేరు దగ్గర "కొత్త కుర్రాడు" అని రాసి
వారం తిరక్కుండానే కొట్టేసి
హెడ్లీ గార్‌సైడ్ అని దిద్దాను.

ఉన్ని మిల్లులో కండెలు మార్చే పని మానేసి వచ్చాడు.
చెవుల్లో ఇంకా మగ్గాల మోత,
అందుకని అందరికన్నా గట్టిగా మాట్లాడేవాడు.
పై బాల్కనీ దాకా వినిపిస్తోందని
మేనేజరు వారానికి నాలుగు పౌన్లు ఖాయం చేశాడు.

ఇరవై మూడేళ్లకే ముసలి వేషం.
చిన్న కంపెనీ మాది, సూదీ నాదే, రంగూ నాదే.
వాడి బుగ్గల మీద నేను గీసిన గీతల దారినే
ఏళ్ల తరవాత అసలు ముడతలు నడిచొచ్చాయి.
నాకు పని తగ్గింది.

తలుపు తీసి, టోపీ అందుకుని,
"అయ్యగారు ఇంట్లో లేరండి" అనే మనిషి.
ఎన్నేళ్లన్నాడో ఆ ఒక్క మాట!
ఒకసారి అంటే అయ్యగారు ఊళ్లోనే లేరు,
మరోసారి అంటే మేడ మీద తాగి పడున్నారు,
ఒక్క శనివారం రాత్రి మాత్రం, ఎలా అన్నాడో గానీ,
అయ్యగారు ఇక ఎప్పటికీ రారని
హాలంతటికీ అర్థమైపోయింది.
నాటకంలో అది మూడో అంకం దాకా తెలియకూడదు.
రచయిత వచ్చి నానా తిట్లూ తిట్టాడు.

సినిమా వాళ్లు పిలిస్తే లండన్ వెళ్లాడు.
మూడు రోజులు గొట్టాల వానలో కానిస్టేబులై నిలబడితే
తెర మీద నాలుగు క్షణాలు.
"వాన బాగా చేసింది ఐవీ" అన్నాడు, అంతే.
కోటి విద్యలు కూటికే కదా,
టీవీలో పోస్టుమాన్, చర్చి ఫాదరు, రెండుసార్లు శవం.
బస్సులో ఎవరో భుజం తట్టేవారు,
"నిన్నెక్కడో చూశానయ్యా, గ్యాసు మీటరు చూడ్డానికొచ్చావు కదూ?"
"అవునండీ, ఇప్పుడు సరిగ్గా తిరుగుతోందా?" అనేవాడు.
ఒకావిడకి పదేళ్ల పాటు దూరపు చుట్టంగా ఉన్నాడు.
క్రిస్మస్‌కి కార్డులు కూడా వచ్చేవి.

డెబ్బై రెండు, మంచు కురిసిన రాత్రి.
రాజు వేషం వేసే రూపర్ట్ లాసెల్‌కి గొంతు పట్టేసింది.
ఆరున్నరకి చెప్పారు, ఏడున్నరకి తెర.
ఆయన ఆరడుగుల పైచిలుకు, వీడు నా కన్నా రెండంగుళాలు.
గుండుసూదులు పంట కరిచి, మోకాళ్ల మీద కూలబడి
అంగీ అంచు బెత్తెడు పైకి మడిచి కుట్టాను.
"కదలకు" అన్నాను. "రాజులు కదలరు" అన్నాడు.
కాళ్లు మాత్రం వణుకుతున్నాయి.

హాల్లో అరవై ఒక్క మంది. లెక్కపెట్టాను.
ఆ రాత్రి వాడు మెల్లిగా మాట్లాడాడు,
పంతొమ్మిదేళ్లలో మొదటిసారి.
పై బాల్కనీలో నలుగురూ ముందుకి వంగారు,
పొయ్యి దగ్గరికి జరిగినట్టు.

మర్నాడు లాసెల్ లేచొచ్చాడు.
అంచు విప్పడం నా పని. విప్పలేదు.
సీజనంతా రాజుగారి చీలమండలు కనిపించాయి.
"ఉన్ని ముడుచుకుపోయిందండీ, ఏం చేస్తాం" అన్నాను.
చాకలి కంపెనీ మీద ఫిర్యాదు వెళ్లింది.
హెడ్లీ ట్రేతో టీ పట్టుకెళుతూ
ఆ చీలమండల వైపు ఓసారి చూశాడు,
నా వైపు చూడలేదు.

మొన్న శవపేటికల దుకాణం నుంచి ఫోను.
"అమ్మా, ఆయన కొలతలు మీ దగ్గర ఉంటాయన్నారు."
పుస్తకం తెరిచాను. చివరి వరస నిరుడు మార్చిది,
ఎవరో స్టేషను మాస్టరు కోసం తీసుకున్నది.
పొడుగు చెప్పాను, భుజాలు చెప్పాను.
ఛాతీ దగ్గర మాత్రం
ఒక అంగుళం కలిపి చెప్పాను.
మాట అందుకునే ముందు వాడు
నిండా ఊపిరి తీసుకుంటాడు.