ఎర్ర పెన్సిలు

పదకొండో తరగతి, నాలుగో పీరియడు.
కొవాల్చిక్ గారు లాగిన గోడపటం
సగం దిగి బిగుసుకుపోయింది.
ఫ్లోరిడా కిందికి రానే లేదు.
"ఇవాళ దాంతో పనిలేదులే" అన్నారు.

పనల్లా రోడ్లతో.
పంతొమ్మిది వందల యాభై ఆరు, చట్టం,
నలభై ఒక్క వేల మైళ్ళు.
తలా ఒక ఖాళీ పటం పంచారు.
నాకు మా ఊరే వచ్చింది.
ఎర్ర పెన్సిలుతో హైవే గియ్యాలి.
పుస్తకంలో ఒకటే వాక్యం: "దేశం దగ్గరైంది."
పరీక్షలో తప్పకుండా వస్తుందట.

స్కేలు పెట్టి గీశాను,
నది దాటి, రైలు పట్టాలు దాటి
ముక్కుసూటిగా.
నున్నగా వచ్చింది. నాకే ముచ్చటేసింది.

ఇంట్లో అమ్మమ్మ లవీనియా
బెండకాయలు తరిగే చాకు పక్కన పెట్టి
కళ్ళజోడు తుడుచుకుని చూసింది.
"తప్పు గీశావు" అంది.
గోల్ఫ్ మైదానం మీద గోరు ఆనించింది.
"ఇక్కడ వంగుతుంది రోడ్డు.
ఆ గడ్డి నలగకుండా
ఎంత ఒద్దికగా వంగిందనీ!
స్కేలు పెట్టింది మన వీధికొచ్చాకే."

గోరు జరిగింది.
ఇక్కడ హోరెస్ దర్జీ కొట్టు.
ఇక్కడ పియానో నేర్పే మిస్ ఎల్థియా,
నెలకి రెండు డాలర్లు, లేదంటే కోడిగుడ్లు.
ఇదుగో, నీ గీత మందంలోనే
మేం పదిమందిమి పడుకునేవాళ్ళం.

అంటే బడి బస్సు రోజూ
మా ఇంటి మీంచే పోతోందన్నమాట,
సరిగ్గా ఏడో ఎగ్జిట్ దగ్గర,
నేను పక్కవాడి హోంవర్కు ఎక్కించుకునే చోట.

పెన్సిలు మొద్దుబారి ఉంది.
పటం అడుగున కొలత చూసి లెక్కేశాను.
గీత వెడల్పు ఒక మిల్లీమీటరు.
అందులో రెండు వందల వంటిళ్ళు.

రబ్బరు తీశాను.
"చెరపడం దేనికే? రోడ్డు ఉందిగా.
నేను డయాలసిస్‌కి పోయేది దానిమీదే.
పన్నెండే నిమిషాలు."
అమ్మమ్మ మళ్ళీ చాకు అందుకుంది.

రాత్రి కూర్చుని గీతకి రెండు వైపులా
చీమల బారులా రాశాను:
దర్జీ, పియానో, గుడ్లు, పదిమంది.
రాయడానికి చోటు చాలలేదు,
కొన్ని పేర్లు నదిలోకి జారాయి.

కొవాల్చిక్ గారు చాలాసేపు చదివారు.
పదికి తొమ్మిది వేశారు.
గోల్ఫ్ మైదానం దగ్గర
వంపు మరిచిపోయానట.