కండెల లెక్క

ఒక కండె దారం లేసు అల్లితే నాకు పదిహేను రూపాయలు.
అందుకే దేన్నైనా కండెల్లోనే లెక్కేస్తాను.
సఖినేటిపల్లి రేవులో పంటు, ఇద్దరికీ రానూపోనూ రెండు.
నరసాపురం నుంచి భీమవరం బస్సు, పదకొండు.
డాక్టరు గారి ఫీజు నలభై.
చీటీలో రాసిన నెల మాత్రలు అరవై.
ఒక కండె అవ్వాలంటే నాకొక పూట పడుతుంది.
నెలకి పూటలు కూడా అరవయ్యే కదండీ.

మా ఆయన భూషణం
అంతర్వేది దారిలో రొయ్యల చెరువుకి కాపలా.
పోయినేడు వైట్ స్పాట్ తగిలి
తెల్లారేసరికి పంటంతా గట్టు వారకొచ్చి చచ్చింది.
చెరువు ఆయనది కాదు.
అప్పూ ఆయనది కాదు.
నిద్ర మాత్రం ఆయనదే పోయింది.

మోటార్లు కట్టేసి నెలలైనా
ఏరియేటర్ల హోరు ఆయన చెవిలో ఆగలేదు.
అర్ధరాత్రి నన్ను లేపి
"గదిలో ఆక్సిజన్ పడిపోతోందే, పిల్లని బయటికి తే" అనేవాడు.
చెక్ ట్రే పైకి తీసినట్టు
పిల్ల మీద దుప్పటి మెల్లగా ఎత్తి
కదులుతోందా లేదా అని చూసేవాడు.

గాలి సోకిందన్నారు.
రాజోలు అవతల ఎవరో తాయెత్తు కట్టారు, ముప్ఫై మూడు కండెలు.
నిమ్మకాయలు వేరే.

భీమవరం రెండు నెలలు తిరిగాం.
పడుకున్నాడు. అన్నం అడిగి పెట్టించుకున్నాడు.
మూడో నెల లెక్క చూసుకుని
నేనే మాత్రని సగానికి విరిచాను.
నాలుగో నెల ఆ సగమూ లేదు.
మానొద్దని డాక్టరు గారు గట్టిగానే చెప్పారండి,
ఎలా మానకుండా ఉండాలో చెప్పలేదు.

వానలు ఇంకా మొదలవ్వని ఒక రాత్రి
పక్క మీద మనిషి లేడు.
ఎండగట్టిన చెరువు మధ్య, మోకాటి బురదలో నిలబడి
ఆగిపోయిన ఏరియేటరు రెక్కని
చేత్తో తిప్పుతున్నాడు.
"ఇంకాసేపే, ఇంకాసేపే" అంటున్నాడు, లేని రొయ్యలతో.

పొద్దున్నే ఆశా వర్కరు దయామణి
బీపీ పుస్తకం పట్టుకుని వచ్చి
ఆయన కాళ్ళ మీద ఆరిన బురద చూసింది.
ఏమీ అడగలేదు.
"రెండో శుక్రవారం మన ఆసుపత్రికి తీసుకురా అక్కా, ఊరికే ఇస్తారు."
"మన దాంట్లోనా? జ్వరం బిళ్ళలిచ్చే చోటా?"
"ఆయ్, జ్వరం బిళ్ళలిచ్చే చోటే."

బెంచీ మీద మాకు అటుపక్క
హెల్మెట్ తియ్యని ఒక మాస్టారు.
ఇటుపక్క కొబ్బరి వలిచే వాళ్ళ కోడలు,
కాన్పై మూడు వారాలు, బిడ్డ అత్తగారి చేతిలో,
తను గోడ వైపు.
మొదటి నెల ఎవరి మొహం ఎవరం చూసుకోలేదు.
రెండో నెల ఆ పిల్ల నా ఒళ్ళోకి చూసి
"అది చిలకా, ఆకా?" అంది.
ఆకే. చిలకని చెప్పాను.

మూడో నెల స్టాకు లేదన్నారు.
వచ్చే నెల చూడమన్నాడు కిటికీలో కుర్రాడు,
వచ్చే నెల పక్క వీధిలో ఉన్నట్టు.
నేను లేవలేదు. సూది తీశాను.
కండె సగమైంది, మధ్యాహ్నమైంది.
మాస్టారు హెల్మెట్ తీసి బెంచీ మీద పెట్టి,
నెరిసిన జుట్టు, చెమట, అందరికీ తెలిసిన మొహంతో
కిటికీ దగ్గరకెళ్ళి
"ఎందుకు లేవు?" అని అడిగారు.
వెనకాల ఆ కోడలు. ఆవిడ వెనకాల మేం.
ఇండెంటు కాయితం అప్పుడు రాశారు.
మాత్రలు సోమవారం దయామణి సైకిలు బుట్టలో వచ్చాయి.
రెండు రోజులు ఆలస్యం. ఆ రెండు రాత్రులూ
నేను గడప మీదే పడుకున్నాను.

ఇప్పుడు ఆటోకి నాలుగు కండెలు.
అంతే.

నిన్న రాత్రి మూడింటికి ఆయన లేచాడు.
కళ్ళు మూసుకునే విన్నాను, ఊపిరి బిగబట్టి.
కుండలో గ్లాసు మునిగింది.
"దోమలు" అన్నాడు, ఎవరితోనూ కాదు.
ఫ్యాను ఒక నంబరు పెంచి
అటు తిరిగి పడుకున్నాడు,
ఆ హోరులోనే.