ఎనభై గజాల మీద ఇల్లు

వారాసిగూడ సందులో నా లేజర్ మీటరు
ఎర్రచుక్కను అవతలి గోడ మీద వాల్చి
పదకొండు అడుగుల మూడంగుళాలు అంది.
"తప్పు," అంది ఆండాళమ్మ
పెనం మీది దోసె తిరగేస్తూ.
"పదకొండున్నర. నా కాళ్లతోని కొలిసిన."
కాళ్లతో కొలిస్తే మూడంగుళాలు అటూ ఇటూ అవుతాయి.
నేను మీటరు చెప్పిందే రాసుకున్నాను.

బ్యాంకు పంపింది నన్ను.
లోనుకి బీమా కావాలి, బీమాకి ఒక అంకె కావాలి,
అంకెకి నేను.

"మొన్న బ్రోకరు వచ్చిండు సారు,
కోటీ ముప్పై ఇప్పిస్తనన్నడు.
నువ్వేమో ఇరవై ఎనిమిది రాస్తివి.
నడుమల కోటి ఎవడు మింగిండు?"

నేల మింగింది అన్నాను.
నేల కాలదు, కూలదు,
వారం రోజులు ముసురు పట్టినా ఉరవదు.
దానికి బీమా లేదు.
మెట్రో వస్తుందంటే ఉబ్బేదీ
రాదంటే చిక్కేదీ అదే,
దాని మీదున్న ఇటుకలకి ఆ సంగతే తెలియదు.
ఈ ఊళ్లో ఇంటిని ఇల్లుగా చూసేది
బహుశా నా ఫారం ఒక్కటే.

"అట్లయితే పద్నాలుగు రాయి, కిస్తీ తగ్గుతది."
సగానికి రాయిస్తే, చెప్పాను,
వంటిల్లు ఒక్కటే కాలినా
సగం వంటింటికే డబ్బులొస్తాయి.
"సగం వంటిల్లు!"
అట్లకాడ పట్టుకునే నవ్వింది.
"పొయ్యి దిక్కా, బాసండ్ల దిక్కా?"

చదరపుటడుగు రెండు వేల నూరు.
కిందా పైనా కలిపి పదకొండు వందల ఎనభై.
ప్లానుకీ పర్మిషనుకీ లక్షన్నర.
కూలినదాన్ని ఎత్తిపోయడానికి లక్షా ఇరవై,
ఇల్లు పడిపోయినందుకు కూడా మనమే ఇచ్చుకోవాలి.
షాబాదు బండలకి టైల్స్ రేటు వేయబోతే
చెయ్యి అడ్డం పెట్టింది.
"బండలే రాయి. పిండి ఒలికితే
టైల్స్ మీద నిలబడనీకి రాదు."
సందు ఆరడుగులే కాబట్టి
రెడీమిక్స్ బండి మలుపు దగ్గరే ఆగిపోతుంది,
అక్కణ్నుంచి అంతా నెత్తిన రావాలి:
మోత, తొంభై వేలు.

దోసె మాడింది.

"మోతకు తొంబయ్యా?"

లోపలికి వెళ్లి బియ్యం డబ్బా అడుగు నుంచి
నూనె మరకల నోటుబుక్కు తెచ్చింది.
వాళ్లాయన సాయిలు చేతిరాత, కుదురుగా ఉంది.
ఇటుక. దొడ్డు ఇసుక. పాలమూరు మేస్త్రి కుర్మయ్యకు రోజుకూలి.
చాయ్. చాయ్. కుర్మయ్యకు బీడీలు, రెండు కట్టలు.
స్లాబునాడు కల్లు.
మొత్తం లక్షా ఎనభై ఆరు వేల నాలుగు వందల యాభై.

"బీడీలు గూడ రాసిండు సూడు.
మలుపు కాడికెళ్లి తట్ట మోసింది నేను.
నా పేరు ఏ పేజీల ఉందో తియ్యి."

పేజీలు తిప్పాను. నిజంగానే తిప్పాను.

మా పద్ధతిలో నిన్నటికి గడి లేదు.
రేపు కూలితే ఎల్లుండి ఎవరు మోస్తారు,
ఎంత అడుగుతారు, అంతవరకే.
ఆ సంగతి చెప్పాను.
"నేనైతే మొయ్య," అంది వెంటనే.
తర్వాత కాసేపాగి,
"తొంబై గాదు, లక్ష రాయి.
వాళ్లకు నీళ్లియ్యాలె, నడుమల కూసోనియ్యాలె."

ఇంకొక్క మాట చెప్పక తప్పలేదు.
మళ్లీ కట్టాలంటే ఇప్పటి రూలు ప్రకారం
ముందర ఐదడుగులు వదలాలి.
ఆమె పెనం వైపు చూసింది.
పెనం ఉన్నది ఆ ఐదడుగుల్లోనే.
దానికి ఫారంలో ఏ గడీ దొరకలేదు నాకు.

ఇరవై ఎనిమిది లక్షల నలభై ఎనిమిది వేలు.
చదివి వినిపించమంది, వినిపించాను.
సంతకం పెట్టి, చెప్పులు విడిచి,
మడమకి వేలు ఆనించుకుంటూ
ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచింది.
కొసకి ఒక్క అడుగులో కొంచెం పట్టలేదు.

"నేను కొలిసిన్నాడు," అంది
గోడ మీద అరచెయ్యి పెట్టి,
"దీనికి ఇంక ప్లాస్టరు కాలే."