బిగింపు

హ్యాండిల్‌కి పెడితే,
కింద స్పాంజి ముక్క దోపినా సరే,
తో-అషూ కనుమ మొత్తం
చలిజ్వరమొచ్చినట్టు వణికింది.

హెల్మెట్ మీదైతే అది ఒట్టి చాడీలకోరు:
మూడో మలుపులో నేను రోడ్డు చూడలేదనీ
పులిసిన గుర్రప్పాలమ్మే అతని
తెల్లటి టోపీ చూశాననీ
రాత్రి టీ దగ్గర అందరి ముందూ చెప్పేసింది.
మెకానిక్ కుబాత్ పొలమారేదాకా నవ్వాడు.

ఇవాళ ఛాతీకి కట్టుకున్నాను.
ఆకాశం సగానికి తెగిపోయింది.
మంచుకొండలకు తలల్లేవు.
ఉన్నవల్లా నా చేతులే.
క్లచ్ మీద రెండే వేళ్లు,
మిగతావి వదులుగా, ఏమీ పట్టనట్టు.

కళ్లెం అలాగే పట్టేది మా నాయనమ్మ బూబూసైరా.
ఆమెవి ఫోటోల్లేవు. ఒక్కటీ.

స్క్రూ ఇంకో చుట్టు తిప్పాను.