సుమారు

నలభై ఏళ్లు పింగాణీ పళ్లేల అంచుకు
బంగారు గీత గీసిన చెయ్యి ఇది.
లిమోజ్‌లో మా బట్టీ మూతపడ్డాక
సీసపు సిపాయిలకు కనుబొమలు దిద్దుతోంది.

చిటికెన వేలి సగమంత మనిషి.
మూడు వెంట్రుకల కుంచె.
ఊపిరి బిగబట్టి, రెండు గుండెచప్పుళ్ల నడుమ
ఒక చుక్క పెట్టాలి. అది కన్ను.

వాటర్లూ అందరూ ఆడతారు.
ఫుల్బేర్ దగ్గర దానికి పదకొండు పెట్టెలున్నాయి,
ఏ పటాలం కోటుకు ఎన్ని గుండీలో నిద్రలో లేపినా చెబుతాడు.
నాకు ఎవరూ ఆడని యుద్ధం కావాలనిపించింది.
సరదాకే. అబద్ధం ఎందుకు.

దొరికింది. పార కామ యుద్ధం.
ఉబాంగీ అవతల గ్బాయా పల్లెల్లో,
పందొమ్మిది వందల ఇరవై ఎనిమిదిలో మొదలు.
రబ్బరుకనీ, రైలు దారికనీ
మనుషుల్ని తాళ్లు కట్టి తోలుకుపోతుంటే
పార కామలాంటి వంకర పుల్ల చేతపట్టి
ఇక తూటా తగలదని నమ్మి నిలబడ్డారట.
మా బడిలో ఈ పాఠం లేదు.
రబ్బరు మాత్రం ఉండేది,
పెన్సిలు తప్పులు చెరపడానికి.

ఎక్స్‌ ఊళ్లో పాత కాగితాల భవనం, మూడు రోజులు.
ఒక కెప్టెన్ నివేదిక.
జిగురు వాసన, పురుగు తిన్న మూల.
ఖర్చయిన తూటాలు: నాలుగు వేల నూట ముప్ఫై ఏడు.
పోయిన కంచరగాడిదలు: రెండు.
ఒకదాని పేరు కూడా రాశాడు, మిన్యోన్ అని.
చచ్చిన శత్రువులు: సుమారు.
ఆ తర్వాతి అంకె ఎప్పుడో తడిసి అలుక్కుపోయింది.
కాకిలెక్కలో కూడా కాకికో అంకె ఉంటుంది.
భూతద్దం పెట్టి చూశాను.
సుమారే పెద్దదైంది.

గ్బాయా బొమ్మలు ఎవరూ పోతపోయరు.
జూలూ బొమ్మలు తెప్పించి
డాళ్లు ఆకురాయితో అరగదీశాను, ఈకలు కోసేశాను.
ఒక జాతిని ఇంకో జాతిలోంచి గీకి తీయడం
ఇంత తేలికా అనిపించి
సీసం పొడి చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

ఇక నియమాలు.
పార కామకు ఎన్ని పాయింట్లు?
నమ్మకానికి రెండు కలపాలా?
మొదటి వరస కూలాక ఎన్ని తీసెయ్యాలి?

నా మోకాలికి కట్టు మార్చే నర్సు సిల్వానీ న్దోయో
బల్లను చూసింది, కట్టు విప్పుతూనే.
"ఇదెక్కడ?"
"బువార్ వైపు కొండలు."
కత్తెర ఆగింది.
"మా అమ్మమ్మ వాళ్లమ్మ ఆ గుహల్లోనే దాక్కుంది.
ఆడవాళ్లేరీ?
మేకలేవీ?
దగ్గే పిల్లాడి నోరు మూసిన చెయ్యేదీ?"

నా దగ్గర మరతుపాకీ వాళ్లు ఇద్దరు ఎక్కువున్నారు,
ఒక జెండా ఎక్కువుంది.

రాయి రంగేమిటని అడిగాను,
ఇంకేం అడగాలో తోచక.
తను చూడలేదట. వాళ్లమ్మకు ఫోను చేసింది.
వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడింది, మధ్యలో ఒకసారి నవ్వింది,
నావైపు తిరిగి
"పొగ రంగు" అంది. "లోపలి గోడలు."
వంట పొగా, వేరే పొగా,
నేనడగలేదు.

ఆ రాత్రి ఏడు బూడిద రంగులు కలిపాను.
ఒకటి పావురమైంది, ఒకటి తుపాకీ గొట్టం,
ఒకటి అచ్చం నా గడ్డం.

శనివారం ఫుల్బేర్ వచ్చాడు, చెర్రీల క్లాఫూతీతో.
నాలుగో వంతులోనే రెండు ఆర్లు పడ్డాయి.
పాచిక పారింది. వాడి సిపాయిలు గుహ నోటిదాకా వచ్చేశారు.
లోపల ఎందరని అడిగాడు, నియమాల పుస్తకం తిరగేస్తూ.
సుమారు, అన్నాను.
అలా ఆడలేం కదా, అన్నాడు
నోట్లోంచి చెర్రీ గింజ తీస్తూ.

గింజను పళ్లెం అంచున పెట్టాడు.
ఆ బంగారు గీత నాదే.
ఎక్కడ మొదలై ఎక్కడ కలిసిందో
ఇప్పుడు నాకే కనబడదు.

మంగళవారం కట్టు మార్చాలి.
బల్ల ఇంకా సర్దలేదు.