ఇరవై మూడో చోటు

లుబ్లిన్‌లో జనవరిలో తెల్లవారదు,
చీకటి కాస్త పలచబడుతుంది, అంతే.
మొదటి ట్రాలీబస్సు తీగల మీద నీలం నిప్పు రాల్చకముందే
మా మూడో అంతస్తులో తలుపు చప్పుడు.
బొగుమీవా బయల్దేరింది.

చేతిలో చేపలు పట్టేవాళ్ళ మడత స్టూలు,
చంకలో బీట్‌రూట్ చారు పోసిన ఫ్లాస్కు,
కాళ్ళకి చనిపోయిన మొగుడి ఫెల్ట్ బూట్లు, లోపల రెండు జతల మేజోళ్ళు,
లేకపోతే జారిపోతాయి.
ఎక్కడికంటే, పైదేశాల వాళ్ళ కాగితాలు చూసే ఆఫీసు ముందు
వరసలోకి.
ఆమెకి అక్కడ రావలసిన కాగితం ఏదీ లేదు.
పుట్టిందీ ఈ ఊళ్ళోనే, పంచదార మిల్లులో కాటా దగ్గర
ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసిందీ ఈ ఊళ్ళోనే.

చంటిపిల్లలతో వచ్చినవాళ్ళు బేకరీలో వెచ్చబడి వచ్చేదాకా
వాళ్ళ చోట్లో తను నిలబడుతుంది.
సంచి పెట్టి పోతే చోటు ఆగదు అక్కడ,
మనిషి ఉండాలి.

"మా అమ్మ మాంసం కోసం నిలబడేది," అంటుంది,
"కూపన్ల రోజుల్లో. ఒకసారి నాకు జ్వరమొస్తే
ముక్కూ మొహం తెలియని ఒకావిడ అమ్మ చోటు కాచింది రాత్రంతా.
పేరైనా అడగలేదట మా అమ్మ."
ఇంకా గుచ్చి అడిగితే విసుక్కుంటుంది:
"ఇంట్లో కూర్చున్నా నొప్పే కదా ఈ మోకాళ్ళు."

నేను కింది అంతస్తు వాణ్ణి.
బడిలో చరిత్ర చెప్పి మానుకున్నవాణ్ణి.
న్యాయం గురించి పత్రికకి ఉత్తరాలు రాస్తాను,
నాలుగు అచ్చయ్యాయి, కత్తిరించి దాచుకున్నాను.
మెట్ల మీద ఎదురైతే ఆమెకి చదివి వినిపించేవాణ్ణి,
స్టూలు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ వినేది.
"బాగా రాశావు" అనేది, బరువు మోస్తున్నవాళ్ళ మర్యాదతో.

మొన్న మంచు మీద జారి మణికట్టు విరిగింది.
కట్టు కట్టించుకుని వచ్చి నా తలుపు తట్టింది.
ఏదో అర్జీ రాసి పెట్టమంటుందనుకున్నాను.
బూట్లు అందించింది.
"మావ్లుదా అని, తజిక్ పిల్ల. ఎర్ర శాలువా.
వస్తానని మాటిచ్చాను."

మాట నిలబెట్టుకోవడం అంటారు చూడండి,
నిలబెడితే తెలిసింది, దానికి అరికాళ్ళుంటాయని,
ముందు బొటనవేళ్ళు పోతాయని,
తర్వాత మడమలు, ఆ తర్వాత ఓపిక.
గొప్పగా ఏమీ అనిపించలేదు. ఒంటికి వెళ్ళాలనిపించింది.
ముందాయన వీపు మీద ఊడిన కుట్టు లెక్కపెట్టాను:
పదకొండు పోగులు.

ఏడింటికి ఎర్ర శాలువా, పిల్లవాణ్ణెత్తుకుని.
నా బూట్లు చూసింది ముందు, మొహం తర్వాత.
ఆవిడేదీ అని కళ్ళతోనే.
నా మణికట్టు విరిచినట్టు చూపించి
బేకరీ వైపు చెయ్యి ఊపాను.

ఆమె అటు తిరగ్గానే ఒకడు భుజంతో నెట్టాడు.
ఆత్మగౌరవం మీద మూడు పేజీలు రాసినవాణ్ణి,
నోట్లోంచి ఒక్కటే ఊడిపడింది:
"ఇక్కడ మనిషి ఉంది."
వాడు ఎగాదిగా చూశాడు,
నా గడ్డం, మీసం, కారుతున్న ముక్కు.
"ఉంది" అన్నాను మళ్ళీ. కదల్లేదు.
కదలడానికి కాళ్ళు తెలిస్తేగా.

పందొమ్మిదో మనిషితో కిటికీ మూసేశారు.
మావ్లుదా నా చేతిలో సగం రొట్టె పెట్టి వెళ్ళిపోయింది,
పిల్లవాడు నిద్రలో ఉన్నాడు.

బొగుమీవా తలుపు తీసి, "స్టూలు తెచ్చావా?" అంది.
తెచ్చాను.
"ఎంతమంది వెళ్ళారు లోపలికి?"
"పందొమ్మిది."
"మన నంబరు?"
"ఇరవై మూడు."
"అయితే రేపు మూడున్నరకి. చారు నేను కాస్తాలే,
ఒంటిచేత్తో అవుతుంది."

కింద, హీటరు పక్క బల్ల మీద
ఐదో ఉత్తరం సగంలో ఉంది.
వేరే జాగా లేక
దాని మీదే ఆరేశాను మేజోళ్ళు,
రెండు జతలూ.